మూడోసారి నొక్కిన బొత్తాం

చీమకుర్తి దగ్గర నల్లరాతి క్వారీ నడిపే చెంచురామయ్యకు పనిమంతుడని పేరుండేది కానీ, తన వైపు తప్పుందని ఎవరైనా చెబితే మాత్రం ఆయన చెవికి ఎక్కేది కాదు. రాయి కొలత తప్పిందంటే టేపును తిట్టేవాడు. లారీ బ్రేకు పట్టడం లేదంటే డ్రైవరును తిట్టేవాడు. చెప్పినవాడు మళ్లీ చెప్పడానికి జంకేవాడు.

ఒక ఏడాది రాయికి మంచి ధర పలికింది. చెంచురామయ్య హైదరాబాదు వెళ్లి, ఒక ఇల్లు కట్టుకోగలిగినంత డబ్బు పోసి చేతి గడియారం కొన్నాడు. క్వారీకి రాగానే అందరినీ పిలిచి చూపించాడు.

"దీన్ని నడిపేది బ్యాటరీ కాదు. స్ప్రింగూ చక్రాలూ, అన్నీ చేత్తో చేసినవే. ఇంకో విచిత్రం చూడండి" అంటూ గడియారం పక్కనున్న బుల్లి పిడిని నాలుగుసార్లు తిప్పి, ఒక బొత్తాం నొక్కాడు. "లోపల చిన్న ఎలక్ట్రానిక్ కన్ను ఉంది, ఈ పిడి తిప్పితే దానికి కరెంటు పుడుతుంది. చక్రం ఎలా ఊగుతోందో అది లెక్కపెడుతుంది. ఈ చిన్న ముల్లు పచ్చగీత మీద ఆగితే గడియారం బాగున్నట్టు. ఎర్రగీత మీద ఆగితే చెడినట్టు."

ముల్లు వణికి పచ్చగీత మీద ఆగింది. అందరూ మెచ్చుకున్నారు.

"తన తప్పు తానే చెప్పుకునే వస్తువన్నమాట. మంచిది సార్" అన్నాడు మేస్త్రి మస్తాన్. ముప్పై ఏళ్లుగా రాళ్ల మధ్య బతికిన మనిషి ఆయన.

"తప్పంటూ చేస్తే కదా చెప్పుకోవడానికి!" అని చెంచురామయ్య నవ్వాడు.

ఆ క్వారీ నూట యాభై అడుగుల లోతు గుంత. తూర్పు గోడ పైన రాతిలో తూట్లు వేసి, పేలుడు మందు కూరి, మధ్యాహ్నం ఒంటిగంటకు పేల్చేవారు. రాళ్లు ఎగిరి గుంతలో పడేవి. పేల్చే జాలయ్య గోడకు అవతల రాతిచాటున కూర్చునేవాడు. అక్కడి నుంచి గుంత కనిపించదు. అందుకే గట్టు మీద పేరమ్మ అనే ఆమె రెండు జెండాలతో నిలబడేది. కింద ఉన్నవాళ్లంతా పైకి వచ్చాక ఆమె పచ్చజెండా ఊపితేనే జాలయ్య పేల్చేవాడు. మందు దగ్గర సెల్‌ఫోన్లు ప్రమాదం కాబట్టి, పేల్చే రోజుల్లో అందరి ఫోన్లూ ఆఫీసు గదిలోని ఇనప్పెట్టెలో పెట్టేవారు.

గడియారం వచ్చిన నెలకే చెంచురామయ్య పేరమ్మను కింద చిప్పరాళ్లు ఏరే పనికి పంపేశాడు.

"జెండా ఊపేదాకా కూర్చోవడం, ఆమె కోసం వీడు, వీడి కోసం ఆమె! రోజూ అరగంట పోతోంది. పన్నెండూ ముప్పావుకల్లా మనుషుల్ని నేను పైకి తెస్తాను. నీ గడియారంలో సరిగ్గా ఒంటిగంటకు నువ్వు పేల్చు" అని జాలయ్యకు చెప్పాడు.

మస్తాన్ ఊరుకోలేదు. "గడియారం గడియారమే సార్. కంటితో చూసి చెప్పే మనిషి ఒకరుండాలి" అన్నాడు.

"నా దగ్గర కన్నున్న గడియారమే ఉంది మస్తానూ. ఇంకో మనిషి దేనికి?"

రెండు నెలలు ఏ గొడవా లేకుండా గడిచాయి.

ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నరకు ఒక పెద్ద రాతిదిమ్మెకు గొలుసు చుడుతున్నారు. చెంచురామయ్య దగ్గర నిలబడి చెయ్యి చాపి చూపిస్తున్నాడు. గొలుసు జారి, కొక్కెం ఊగి వచ్చి ఆయన మణికట్టుకు తగిలింది. చెయ్యి దులుపుకుని గడియారం చూసుకున్నాడు. అద్దం పగల్లేదు. మనసు ఆగక పిడి తిప్పి బొత్తాం నొక్కాడు.

ముల్లు ఎర్రగీత మీద ఆగింది.

పక్కనే ఉన్న మస్తాన్ కూడా చూశాడు. చెంచురామయ్య మొహం చిట్లించి మళ్లీ నొక్కాడు. మళ్లీ ఎరుపే. ఇంకాసేపు పిడి తిప్పి, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, మూడోసారి నొక్కాడు. ముల్లు ఎరుపు దాకా వెళ్లి, తడబడి, పచ్చలోకి వచ్చి ఆగింది.

"చూశావా! దెబ్బకు ఆ ఎలక్ట్రానిక్ బొమ్మ కాస్త బెదిరింది, అంతే. గడియారానికి ఏమీ కాలేదు" అన్నాడు.

చెంచురామయ్య చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కున్నాడు.

లోపల చక్రం దెబ్బ తిన్నది. కాసేపు నడుస్తోంది, కాసేపు ఆగుతోంది, కదిలితే మళ్లీ నడుస్తోంది. ఆ సంగతి బయటికి తెలియడం లేదు.

ఆ రోజు గుంత అడుగున తొమ్మిదిమంది పనివాళ్లు ఉన్నారు. ఇంకో దిమ్మె గోడ నుంచి విడిపోయే దశలో ఉంది. డ్రిల్లింగుకు గాలి తోసే కంప్రెసరు హోరులో పక్కవాడి మాట పక్కవాడికి వినిపించడం లేదు. దూరంగా పడమటి మూల అంకమ్మరావు అనే కుర్రవాడు ప్రొక్లెయిన్ యంత్రంతో రాళ్లు జరుపుతున్నాడు. పెళ్లయి ఏడాది కాలేదు అతనికి.

మస్తాన్ చెంచురామయ్య దగ్గరికి వచ్చి చెవిలో అరిచాడు. "సార్, ఎక్కాల్సిన వేళయింది. పడమటి గోడ నీడ నీళ్ల డ్రమ్ము దాకా వచ్చింది. రోజూ అది అక్కడికి వచ్చేసరికి మనం దారి ఎక్కుతుంటాం."

చెంచురామయ్య గడియారం చూశాడు. పన్నెండూ పద్దెనిమిది.

"ఇంకా అరగంట ఉంది. నీడలు చూసి నాకు టైము చెప్తావా?"

"పొద్దున దెబ్బ తగిలింది కదా సార్. ఒక్కసారి ఆ బొత్తాం నొక్కి చూడండి."

"చూశాను. పచ్చలో ఉంది."

"రెండుసార్లు ఎరుపులో ఉంది సార్. నేనూ చూశాను."

చెంచురామయ్య కళ్లు ఎర్రబడ్డాయి. పనివాళ్లు కొందరు ఇటే చూస్తున్నారు. "మస్తానూ! దీని విలువెంతో, అది ఎలా నడుస్తుందో నీకేం తెలుసు? పో, పని చూడు. దిమ్మె కదిలేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదు."

మస్తాన్ వెనక్కి వెళ్లాడు. గడ్డపార పట్టుకున్నాడు కానీ చూపంతా నీడ మీదే ఉంది. నీడ డ్రమ్మును దాటింది. డ్రమ్ము పక్కనున్న రాయిని ఎక్కింది. ఆ రాయినీ దాటింది. ఇక ఆయన తట్టుకోలేకపోయాడు. గడ్డపార అవతల పారేసి, ఎవరినీ అడక్కుండా వెళ్లి కంప్రెసరు ఆపేశాడు.

హోరు ఒక్కసారిగా ఆగింది.

"ఎవడురా ఆపింది?" అని చెంచురామయ్య అరిచాడు.

మస్తాన్ చెయ్యెత్తి, పైకి చూపించాడు. గోడ అవతల నుంచి జాలయ్య తిప్పే సైరను సన్నగా వినిపిస్తోంది. పేలుడుకు పది నిమిషాల ముందు ఒక కూత, ఐదు నిమిషాల ముందు మూడు కూతలు. అది క్వారీలో అందరికీ తెలిసిన లెక్క. కంప్రెసరు హోరులో మొదటి కూతను ఎవరూ వినలేదు.

ఒకటి ఆగింది. రెండోది మొదలైంది. పేరమ్మ చేతిలోని తట్ట జారిపడింది. మూడో కూత కూడా వినిపించింది.

చెంచురామయ్య గడియారం చూశాడు. పన్నెండూ ముప్పై ఒకటి.

"పరుగెత్తండి!" మస్తాన్ గొంతు గుంతంతా మారుమోగింది. "జాలయ్యకు మనం కనబడం. అరిచినా వినబడదు. మలుపు దాకా పరుగెత్తండి!"

పైకి వెళ్లే దారి మధ్యలో ఒక మలుపు ఉంది. దాని వెనక్కి చేరితే రాళ్లు తగలవు. అందరూ పనిముట్లు వదిలి పరుగెత్తారు. పేరమ్మ కాలు మడతపడితే మస్తాన్ రెక్క పట్టి లాక్కుపోయాడు. రొప్పుతూ మలుపు తిరిగాక మస్తాన్ పనివాళ్ల తలలు లెక్కపెట్టాడు. తనతో కలిపి ఎనిమిదే ఉన్నాయి.

"అంకమ్మరావేడీ?"

అందరూ కిందికి చూశారు. పడమటి మూల ప్రొక్లెయిన్ ఇంకా తిరుగుతోంది. ఇంజను చప్పుడులో, మూసిన అద్దాల గదిలో, అంకమ్మరావుకు ఏదీ వినిపించలేదు. మస్తాన్ కిందికి అడుగు వేశాడు. చెంచురామయ్య ఆయన భుజం పట్టి వెనక్కి లాగాడు.

"నువ్వు వద్దు. నేను చేసిన పని ఇది" అన్నాడు. మరుక్షణం దారి వెంట దిగిపోయాడు.

యాభై ఏళ్ల మనిషి అంత వేగంగా పరుగెత్తడం వాళ్లెప్పుడూ చూడలేదు. చెప్పు ఊడిపోయినా ఆగలేదు. రెండు చేతులూ ఊపుతూ, "అంకమ్మా! దిగరా! దిగు!" అని అరుస్తూ పోయాడు. దగ్గరికి వెళ్లి రాయి తీసి అద్దం మీదికి విసిరాడు. అంకమ్మరావు ఉలిక్కిపడి తలుపు తెరిచాడు.

"ఏంది సార్?"

"పేలుతోంది! కిందికి దూరు!"

మలుపు దాకా వెళ్లే వ్యవధి ఇక లేదు. ఇద్దరూ ప్రొక్లెయిన్ ఇనుప పట్టీల మధ్యకు పాకారు. చెంచురామయ్య ముందు దూరాడు. చొక్కా పట్టి అంకమ్మరావును లోపలికి లాగుతున్నాడు. నడుము దాకా వచ్చాడు. మోకాళ్ల దాకా వచ్చాడు.

భూమి అదిరింది. పగలు మాయమై అంతా దుమ్మయింది. రాళ్లు ఇనుము మీద వడగళ్లలా మోగాయి. ఆ మోతలో అంకమ్మరావు కేక ఒక్కటే వినిపించింది.

దుమ్ము అణిగాక మస్తాన్ వాళ్లు పరుగున దిగారు. చెంచురామయ్యకు నుదుటి మీద గీరుకుపోయింది, అంతే. అంకమ్మరావు కుడికాలు బయట ఉండిపోయింది. దాని మీద బుట్టంత రాయి పడింది. ఒంగోలు ఆసుపత్రిలో మూడుచోట్ల ఇనుప కడ్డీలు వేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. మునుపటిలా నడవలేడని మాత్రం చెప్పారు.

మూడో రోజు గనుల భద్రతాధికారి ఆసుపత్రికే వచ్చాడు. అంకమ్మరావు మంచం పక్కన చెంచురామయ్య, మస్తాన్ నిలబడ్డారు. గోడకు ఆనుకుని అంకమ్మరావు భార్య కూర్చుంది. అధికారి కాగితాలు తీసి, చెంచురామయ్యను అడిగాడు.

"ఆరోజు మీ గడియారం దాదాపు అరగంట వెనకబడిందని తేలింది. అది చెడిపోయిందని మీకు ముందు తెలిసే అవకాశం ఏమైనా ఉందా? హఠాత్తుగా చెడిందా?"

బొత్తాం నొక్కినప్పుడు చూసినవాడు మస్తాన్ ఒక్కడే. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. తెలియదంటే చాలు, అది ప్రమాదం కింద పోతుంది. తెలుసంటే అది నేరం. చెంచురామయ్య మంచం మీద కట్టు కట్టిన కాలును చూశాడు.

"తెలుసు" అన్నాడు చివరికి. "తొమ్మిదిన్నరకే తెలుసు. రెండుసార్లు ఎరుపు చూపింది. పచ్చ చూపేదాకా మళ్లీ నొక్కాను. మస్తాన్ చెప్పినా వినలేదు. జెండా మనిషిని తీసేసింది కూడా నేనే."

అధికారి రాసుకున్నాడు. అంకమ్మరావు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మస్తాన్ తల ఎత్తి మొదటిసారి యజమాని మొహం వైపు చూశాడు.

క్వారీ నాలుగు నెలలు మూతపడింది. చెంచురామయ్య కోర్టు మెట్లు ఎక్కాడు, జరిమానా కట్టాడు, వైద్యం ఖర్చంతా భరించాడు. క్వారీ తెరిచిన రోజు పేరమ్మను గట్టు మీదికి పంపాడు. మనుషుల్ని ఎప్పుడు పైకి పిలవాలన్నది మస్తాన్ చెప్పినట్టే జరగాలని, తాను కూడా ఆ మాట దాటనని అందరి ముందూ చెప్పాడు.

అంకమ్మరావు ఇక ప్రొక్లెయిన్ ఎక్కలేకపోయాడు. ఆఫీసులో పని ఇచ్చారు. చేరిన రోజు చెంచురామయ్య అతని ఎదుట చేతులు జోడించాడు. "నన్ను క్షమించగలవా?" అని అడిగాడు.

అంకమ్మరావు కర్రను గోడకు ఆనించి, కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు.

"నా కోసం వెనక్కి వచ్చారు, అది మర్చిపోను సార్. కానీ మస్తాన్ మామ మొదటిసారి చెప్పినప్పుడే కదిలుంటే, మీరు వెనక్కి రావాల్సిన పనే ఉండేది కాదు" అన్నాడు.

నీతి: తప్పును చూపించే మాటను మొదటిసారే వినాలి, నచ్చిన జవాబు వచ్చేదాకా అడిగేవాడికి నిజం తెలిసేసరికి వేళ మించిపోతుంది.