ఆదెమ్మ అల్లించిన జడ

గుమ్మడిపాలెం కోలాటం జట్టులో హైమావతి అనే అమ్మాయి ఉండేది, ఆమె కాళ్లెంత చురుకో కళ్లు అంతగా ఫోన్‌కి అతుక్కుని ఉండేవి. అట్టు వేసినా ఫొటో, అట్టు మాడినా ఫొటో! పలకరించిన వాళ్లకు తల ఎత్తకుండానే "ఊఁ" అనేది.

ఆ జట్టును నడిపించేది ఆదెమ్మ. కూరగాయలమ్ముకుంటూ ఇరవై ఏళ్లుగా ఊరి ఆడవాళ్లకు జడకోలాటం నేర్పుతోంది. గుంజ పైనుంచి ఎనిమిది తాళ్లు వేలాడతాయి. ఎనిమిది మంది తలా ఒకటి పట్టుకుని, ఎదురొచ్చిన మనిషిని ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటనుంచి దాటుతూ ఆడతారు. తాళ్లన్నీ కలిసి జడగా అల్లుకుంటాయి. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తే జడ విడిపోతుంది. ఆ తాళ్లను ఆదెమ్మ తన పాత చీరలు చింపి, పేని, తానే తయారుచేసుకుంది.

ఆమెకు ఒకటే కోరిక. విశాఖపట్నంలో పెద్ద వేదిక మీద తన జట్టు ఆడాలి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఈ ఏడే తనకు ఆఖరని అందరికీ చెప్పేసింది కూడా.

సాధనకు రాగానే వెదురుబుట్టలోంచి కోలలు తీసుకుని, అదే బుట్టలో ఫోన్లు పెట్టాలని ఆమె నియమం. తప్పు పడితే మాత్రం తిట్టేది కాదు. "ఏ చుట్టులో తప్పావో చెప్పమ్మా, చాలు. అంతవరకూ వెనక్కి నడిచి విప్పుకుందాం" అనేది.

పోటీ రోజు రానే వచ్చింది. హైస్కూలు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం! గెలిచిన జట్టు విశాఖకు వెళుతుంది. పది నిమిషాల్లో జడ అల్లాలి, విప్పాలి. హైమ పొద్దున్నే పట్టుపావడాలో వీడియో తీసి అందరికీ పంపింది. ఎవరేమన్నారో చూడందే ఆమెకు ప్రాణం ఆగుతుందా? అందరూ బుట్టలో ఫోన్లు పెడుతుంటే తను మాత్రం ఓణీ చాటున నడుములో దోపుకుంది.

ఆదెమ్మ తాళాలు మోగించి పాట ఎత్తుకుంది. కోలలు టకటకలాడాయి. ఎనిమిది మంది బొంగరాల్లా తిరుగుతుంటే జనం ఈలలు, చప్పట్లు! ఎరుపు, పసుపు, పచ్చ రంగులు కలిసి జడ జానెడు, మూరెడు, బారెడు దిగింది. న్యాయనిర్ణేతలు కుర్చీల్లోంచి ముందుకు వంగి చూశారు. అబ్బ, ఏమి ఆట! విశాఖ వేదిక ఇక చేతికందినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడు హైమ నడుములో ఫోన్ బుర్రుమని వణికింది. ఓణీ తప్పించి, ఒక్కసారి, ఒక్క రెప్పపాటు కిందికి చూసింది. బయటినుంచి దాటాల్సిన మనిషి లోపలినుంచి దాటేసింది. ఎదురొచ్చిన జట్టుమనిషి నూకాలు గతుక్కుమని పక్కకు జరిగింది. తప్పు తనదేనేమోనన్న కంగారులో ఆమె లెక్కా పోయింది. పాట ఆగలేదు, ఆటా ఆగలేదు.

జడ పూర్తయింది. వెనకడుగులు మొదలయ్యాయి. మూడు చుట్లు చక్కగా విడిపోయాయి. నాలుగో చుట్టులో తాళ్లు బిగుసుకున్నాయి. లాగినకొద్దీ ముడి మరింత బిగిసి, తప్పు ఏ చుట్టులో మొదలైందో కనబడకుండా పోయింది. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయి. ఆదెమ్మ కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చి ముడిని తడిమి చూసింది. అది ఎవరి తాడో ఆమె వేళ్లకు తెలిసిపోయింది.

"ఏ చుట్టులో తప్పావమ్మా?" అని అడిగింది నెమ్మదిగా.

తప్పినట్టు హైమకు తెలిస్తే కదా, ఎక్కడ తప్పిందో చెప్పడానికి! అంతలో ఈల మోగింది. విశాఖ అవకాశం పక్కూరి జట్టుకు పోయింది.

ముడి ఎంతకీ ఊడిరాలేదు. చివరికి ఆదెమ్మ కొబ్బరిబోండాల బండి దగ్గర కత్తి అడిగి తెచ్చి, తన చీరల తాళ్లను తానే కోసింది. తిట్టి ఉంటే బాగుండేదని హైమకు ఏడుపొచ్చింది. పక్కకు వెళ్లి, అంత కొంప ముంచిన కబురేమిటా అని ఫోన్ తీసి చూసింది. గులాబీ బొమ్మ మీద 'శుభోదయం' అని ఉంది. ఎవరో దూరపు చుట్టం మధ్యాహ్నం మూడింటికి పంపింది.

వారం తర్వాత హైమ తనకిష్టమైన ఓణీలన్నీ చింపి ఎనిమిది కొత్త తాళ్లు పేనుకొచ్చింది. అందరికంటే ముందు ఫోన్ బుట్టలో పెట్టి, "అత్తా, తప్పంతా నాదే" అంది. ఆదెమ్మ తాళ్లను ఒక్కొక్కటీ లాగి చూసి, గట్టిగా పేనావని చెప్పి, పీట మీద కూర్చుని పాట ఎత్తుకుంది. విశాఖ వేదిక మాత్రం ఆదెమ్మకు ఇక దక్కనేలేదు.

నీతి: పదిమందితో కలిసి అడుగు వేసేటప్పుడు చూపు చేసే పని మీదే ఉండాలి, చూసి చేసిన తప్పును దిద్దుకోవచ్చు, చూడకుండా చేసిన తప్పుకు దారే దొరకదు.