పేర్రాజు నవ్వు కోసం

నేరేడులంకలో తెలివంతా ఎవరింట్లో ఉందని అడిగితే ఊళ్ళో ఎవరూ ఏమీ చెప్పరు గానీ, పేర్రాజు ఇంట్లోవాళ్ళు మాత్రం "ఇంకెక్కడ, మా ఇంట్లోనే" అనేవారు. వానాకాలం రాకముందే వాళ్ళు గొడుగులన్నీ తడిపి ఉంచుకునేవారు, తీరా వాన పడ్డాక కొత్తగా తడవక్కర్లేదని. 'ఇది తెలివైనవాళ్ళ ఇల్లు' అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నారు కూడా. వీధివైపు రాస్తే దొంగలకి తెలిసిపోతుందని తలుపుకి లోపలివైపు రాయించారు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. పేర్రాజు, అతని భార్య మంగతాయారు, అతని తల్లి చెల్లాయమ్మ, మంగతాయారు తమ్ముడు అబ్బులు. నలుగురిలోనూ తనకే ఒక పిసరు తెలివి ఎక్కువని మంగతాయారు నమ్మకం. మిగతా ముగ్గురి నమ్మకమూ అదే, ఎవరి మటుకు వాళ్ళకి.

అలాంటి ఇంట్లో ఓ రోజు పేర్రాజు జంతిక కొరికాడు. జంతిక విరగలేదు, ముందుపన్ను ఊడింది. అంతే! ఆ రోజునించి మనిషి నవ్వడం మానేశాడు, మాట్లాడడం మానేశాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, సాసర్లో కాఫీ పోసుకుని 'సుర్ర్'మని జుర్రడం అతనికి మహా ఇష్టం. అదీ మానేశాడు. ఆ చప్పుడు వినపడకపోతే మంగతాయారుకి సాయంత్రం అయినట్టే ఉండేది కాదు. దీపం పెట్టడం కూడా మర్చిపోయేది.

"నవ్వు ఆ పంటిసందులోంచి జారి ఎక్కడో పడిపోయిందే," అంది చెల్లాయమ్మ.

ఇంకేముంది, ముగ్గురూ చీపుళ్ళు పట్టుకుని ఇల్లంతా వెతికారు. మంచం కింద రెండు బొత్తాలు, ఒక చెప్పు దొరికాయి. నవ్వు మాత్రం దొరకలేదు.

ఎనిమిదో రోజున మంగతాయారు కళ్ళొత్తుకుంటూ వెళ్ళి, వైద్యం చేసే శేషాచారిగారిని పిలుచుకొచ్చింది. ఆయన నాడి పట్టుకుని చూశాడు.

"జబ్బేమీ లేదమ్మా, దిగులు. చిన్నచిన్న ముచ్చట్లతో అదే పోతుంది. దగ్గర కూర్చుని నాలుగు మాటలు మాట్లాడండి. చల్లపూట పిల్లగాలిలో కూర్చోబెట్టండి. ఏదైనా పాత పాట చెవిన పడేయండి. వేడివేడి పకోడీలు పెట్టండి, ప్రాణం లేచొస్తుంది. పొట్ట చెక్కలయ్యేలా ఒక్కసారి నవ్వాడా, ఇంక మందే అక్కర్లేదు."

మంగతాయారు ఏదీ మర్చిపోకుండా కొంగుకి ఐదు ముళ్ళు వేసుకుంది.

ఆ సాయంత్రమే మొదటి ముడి విప్పింది. "నాలుగంటే నాలుగే. ఐదో మాట నోరు జారిందా, వైద్యం వికటిస్తుంది," అని ఇద్దరినీ హెచ్చరించి, అరుగు మీద పేర్రాజు పక్కన కూర్చుంది.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది వేళ్ళు ముడుస్తూ.

"నాయనా, పన్నుకేం, పోతుంది, తిను," అనబోయి చెల్లాయమ్మ 'తిను' మింగేసింది, ఎక్కడో లెక్క తప్పిందని భయమేసి.

అబ్బులుకి ఏం చెప్పాలో తోచలేదు. "బావా, బావా, బావా, బావా," అన్నాడు.

సరిగ్గా అప్పుడే దూడ తాడు తెంపుకుని వచ్చి, పేర్రాజు పక్కన పెట్టుకున్న పెళ్ళినాటి పట్టు కండువా నమలడం మొదలుపెట్టింది. అరుద్దామంటే మాటలైపోయాయి! ముగ్గురూ నోళ్ళు గట్టిగా మూసుకుని, చేతులూపుతూ, అటూ ఇటూ గెంతారు. పేర్రాజు వాళ్ళకేసి చూశాడు. తన పంటిసందుని వెక్కిరిస్తున్నారనుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. దూడ అంచుదాకా నమిలి తృప్తిగా వెళ్ళిపోయింది.

"పోనీలే, రెండో ముడి ఉందిగా," అంది మంగతాయారు మర్నాడు.

"పిల్లగాలంటే పిల్లల గాలే కదక్కా," అని అబ్బులు వీధిలోకి పరిగెత్తి పధ్నాలుగు మంది పిల్లల్ని తోలుకొచ్చాడు. తలో బెల్లంముక్క ఇచ్చి, పేర్రాజు చుట్టూ నిలబెట్టి "ఊదండర్రా!" అన్నాడు. ఆ పిల్లలు అప్పటిదాకా మామిడికాయ ముక్కలు కారంలో అద్దుకు తింటున్నారు. ఇంకేముంది, పధ్నాలుగు నోళ్ళ కారం పేర్రాజు కళ్ళలో పడింది. పాపం, బొటబొటా నీళ్ళు కార్చాడు.

"చూశావా, బావకి ఆనందబాష్పాలు!" అన్నాడు అబ్బులు. "ఇంకా గట్టిగా ఊదండర్రా!"

మూడో ముడి చెల్లాయమ్మ విప్పింది. ఆవిడ పెట్టెలో మంగళహారతుల పుస్తకం ఉంది. అందులో చెదపురుగులు బాగా తిన్న పాట ఏదో చూసి, అదే అన్నిటికన్నా పాతదని తేల్చి, పేజీ చింపి రెండు ఉండలు చుట్టింది. ఒక చెవిలో పల్లవి, రెండో చెవిలో చరణం పడేసి వేలితో నొక్కింది.

"వినిపిస్తోందా నాయనా?"

పేర్రాజు పలకలేదు.

"వినిపిస్తోందా?"

ఊహూ.

"పాటలో లీనమైపోయాడే," అంది చెల్లాయమ్మ మురిసిపోతూ.

ఇక పకోడీలు. మంగతాయారు ఉల్లిపాయలు తరిగి, శనగపిండి కలుపుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒరే అబ్బులూ, ప్రాణం లేచొస్తుందన్నారు కదా. లేచొచ్చింది ఊరుకుంటుందా? గుమ్మం దాటి పోతే?"

అంత దూరం ఆలోచించినందుకు అబ్బులు అక్కకి దణ్ణం పెట్టాడు. పేర్రాజుని గదిలో కూర్చోబెట్టి, పొయ్యి కూడా ఆ గదిలోకే తెచ్చి, తలుపు గడియపెట్టి, కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కారు. కట్టెలా, పచ్చివి. రెండో వాయికల్లా గదంతా పొగ. ఒకరి మొహం ఒకరికి కనపడదు. దగ్గుతూ తడుముకుంటూ పేర్రాజు తలుపుదాకా వెళ్ళాడు.

అబ్బులు అతని నడుం పట్టుకు వేలాడాడు. "తలుపు తీయకు బావా, ప్రాణం పోతుంది!"

"తీయకపోతే పోయేది నాదేరా!" అని అరిచాడు పేర్రాజు. ఎనిమిది రోజుల పైన అతను మాట్లాడిన మొదటి మాట అది. గడియ లాగాడు. అంతే, నలుగురూ ఒకరి మీద ఒకరు అరుగు మీదకి వచ్చి పడ్డారు.

బయట సన్నగా జల్లు మొదలైంది. మట్టివాసన వస్తోంది. ఏటివైపునించి చల్లగా గాలి తగిలింది. మంగతాయారు మొహమంతా మసి, మోచేతులదాకా పిండి. చేతిలో పకోడీల పళ్ళెం మాత్రం వదల్లేదు. ఒళ్ళు హూనమైపోయి, ఆ పూట పేర్రాజు ముట్టకుండా అరుగు మీదే వదిలేసిన కాఫీ సాసర్లో పోసుకుని, తనే ఓ గుక్క జుర్రింది. పైపెదవి మీద నురగ అంటుకుని తెల్లగా మీసం వచ్చింది.

పేర్రాజు ఆ మీసాన్ని చూశాడు. పళ్ళెంలోంచి ఓ పకోడీ తీసి దవడపళ్ళతో కరకరా నమిలాడు. భార్య చేతిలోంచి సాసరు లాక్కుని సుర్రున జుర్రాడు. మళ్ళీ ఆ మీసాన్ని చూశాడు. కిసుక్కున నవ్వాడు. తర్వాత పకపకా నవ్వాడు. మంగతాయారుకి ఒళ్ళంతా పూలు పూసినట్టయింది.

"అక్కా, పొట్ట!" అని కేకేశాడు అబ్బులు. "చెక్కలైపోతుంది!"

ఇంకేముంది! నూతి దగ్గర చేంతాడు తెచ్చి పేర్రాజు పొట్టకి మూడు చుట్లు బిగించారు. వెనక చెక్క ఊడిపడకుండా చెల్లాయమ్మ రెండు చేతులా అదిమి పట్టుకుంది. ఆ పట్టుకోవడంతో అతనికి చక్కిలిగింతలు పుట్టి ఇంకా నవ్వాడు. నవ్విన కొద్దీ వాళ్ళు ఇంకా బిగించారు. చుట్టుపక్కలవాళ్ళంతా దడి దగ్గర చేరి ఒకటే నవ్వు. ఆ దారిన పోతున్న శేషాచారిగారు ఆగి, నెత్తి పట్టుకున్నాడు.

"ఏమిటమ్మా మంగతాయారూ ఇది! ఊరందరి ముందూ నవ్వులపాలయ్యారు కదా!"

"నవ్వుల పాలా!" మంగతాయారు కళ్ళు మెరిశాయి. "అవి తాగితే ఈ నవ్వు ఇంక తగ్గదన్నమాట! ముందే చెప్పొచ్చుగా ఆచారిగారూ!"

చెంబు పట్టుకుని దడి దగ్గరికి పరిగెత్తింది. "అక్కా, మీ ఇంట్లో నవ్వుల పాలున్నాయా? నీళ్ళు కలపనివి పొయ్యక్కా."

దడి దగ్గరివాళ్ళు పొట్టలు పట్టుకుని కూలబడ్డారు.

"అయ్యో, వీళ్ళు ముందే తాగేసినట్టున్నారే," అంది మంగతాయారు దిగాలుగా.

అరుగు మీద పేర్రాజు చెవిలోంచి పల్లవి పీకి అవతల పారేశాడు. "ఒక్క చెంబు ఏం సరిపోతాయే? బిందె పట్టుకెళ్ళు. మిగిలినవి తోడేసుకుంటే రేపటికి నవ్వుల పెరుగుంటుంది!"

మంగతాయారు బిందె చంకనెట్టుకుని, తోడుకి ఓ చుక్క నవ్వుల మజ్జిగ కూడా అడగాలనుకుంటూ ఎదురింటి గుమ్మం ఎక్కింది.