పోయిన రెండు కిలోమీటర్లు

అయ్యవారికి ఒక అలవాటుంది. బండిలో ముందు సీట్లో కూర్చున్నారంటే దారిపక్క కిలోమీటరు రాళ్లన్నీ పైకి చదువుతారు. "పట్నం పద్దెనిమిది" అంటారు. కాసేపాగి "పట్నం పదిహేడు" అంటారు. వేదాంతం చెప్పే మనిషి, డెబ్బై దాటిన మనిషి, నిన్నగాక మొన్న బడిలో వేసిన పిల్లాడిలా ఈ చదువేమిటని కొత్తగా చేరిన శిష్యులు ముఖముఖాలు చూసుకుంటారు. మాకు అలవాటైపోయింది. ఆశ్రమానికి కూరగాయలూ సరుకులూ తెచ్చే పని నాది. అందుకని వెనక సీట్లో సంచుల మధ్య ఇరుక్కుని ఆ రాళ్ల పారాయణం వినడం నాకు రాసిపెట్టి ఉంది. ఇప్పుడు చెప్పబోయేది నేను దగ్గరుండి చూసిన సంగతే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. అర్థం మాత్రం నన్నడగవద్దు, అది నా శాఖ కాదు.

మా ఆశ్రమం ఉదయగిరి వైపు ఒక కొండ మీద ఉంది. పైకి రావడానికి రాళ్లు తేలిన ఘాటు రోడ్డొకటి. ఎవరో భక్తుడు ఇచ్చిపోయిన ఎస్‌యూవీ ఒకటుంది. దాన్ని మొదటినుంచీ పెంచలయ్యే నడుపుతున్నాడు. ఆశ్రమ వ్యవహారాలన్నీ చూసేది నరసారెడ్డిగారు. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అంగళ్ల వెంట తిరిగి తక్కెళ్లు, గుండ్లు, బంకుల్లో కొలతలు తనిఖీ చేసిన మనిషి. రిటైరై అయ్యవారి దగ్గర చేరి ఆరేళ్లయింది. తెల్లవారకముందే లేస్తారు, ఒంటిపూట తింటారు, జపం తప్పరు. మా అందరిలోకీ సాధన గట్టిగా చేసేది ఆయనే. ఆ మాట ఎవరూ అనకపోతే ఆయనే అంటారు.

కిందటి వేసవిలో బండి టైర్లు అరిగి నున్నబడ్డాయి. కొత్తవి వేయించడానికి నరసారెడ్డిగారు, పెంచలయ్య, నేను పట్నం వెళ్లాం. టైర్ల అంగడాయన పాత టైరు పక్కన అచ్చేసిన అంకెలు చూసి అదే సైజు తీయబోయాడు. రెడ్డిగారు ఆపారు. ఘాటులో రాళ్లు బండి పొట్టకు తగులుతున్నాయి, కాస్త ఎత్తైనవీ వెడల్పైనవీ కావాలన్నారు. "ఈ రిమ్ముకే పడతాయి సార్. కానీ కంపెనీ ఇచ్చిన సైజు కాదు, ఒకసారి ఆలోచించుకోండి" అన్నాడు అంగడాయన. "ఆలోచించే చెబుతున్నా" అన్నారు రెడ్డిగారు. బిగించాక బండి నిజంగానే ఠీవిగా నిలబడింది. ఆయన దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకున్నారు. స్టీరింగు పూర్తిగా తిప్పితే మాత్రం టైరు లోపలి మడ్‌గార్డుకు బర్రుమని రాసుకునేది. పెంచలయ్య ఆ మాట చెబితే "నిన్నెవరు అంత తిప్పమన్నారు?" అన్నారు. సైజు సరైనదే, తిప్పేవాడిదే తప్పని తేలింది. ఘాటులో పొట్టకు రాళ్లు తగలడం తగ్గిన మాట కూడా నిజమే, అది కాదనకూడదు.

ట్యాంకు నిండా డీజిలు కొట్టించిన ప్రతిసారీ మీటరు చూసి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో అక్కడికక్కడే నోటితో లెక్కకట్టి చెప్పడం రెడ్డిగారికి సరదా. ఎప్పుడూ పద్నాలుగు వచ్చేది. టైర్లు మార్చాక పదమూడుకు దిగింది. కొత్త టైర్లు కదా, మొదట్లో అంతేలే అనుకున్నారు. తర్వాత పన్నెండున్నర. ఇక అక్కడే నిలిచిపోయింది. అప్పటినుంచీ పెంచలయ్యను చూసే చూపు మారింది. బండి ఎక్కడ ఆపావు, ఎంతసేపు ఆపావు, వెనకాల ఆ ఖాళీ క్యాను ఎందుకు? అది నా పెరుగు క్యాను. ఆ సంగతి చెప్పాను కూడా. పెంచలయ్య మొదట్లో నవ్వుతూ జవాబు చెప్పేవాడు. తర్వాత నవ్వకుండా చెప్పేవాడు. ఆ తర్వాత తల వంచుకుని ఊరుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాక, రెడ్డిగారు వచ్చి పెంచలయ్య ముందు చేయి చాపారు. "బండి తాళం ఇటివ్వు. డీజిలు ఎవరికి అమ్ముతున్నావో నేనడగను. రేపటినుంచి రావద్దు."

పెంచలయ్య తలెత్తి చూశాడు. "నా బిడ్డల మీద ఒట్టు రెడ్డిగారూ, చుక్క ముట్టలేదు" అన్నాడు.

"నువ్వు ఒట్టు పెట్టుకుంటే సరిపోతుందా? మీటరుకేం పని అబద్ధం చెప్పడానికి?"

పెంచలయ్య తాళం ఆయన చేతిలో పెట్టి, వడ్డించిన విస్తరి ముందునుంచి లేచి కొండ దిగి వెళ్లిపోయాడు. పెంచలయ్యకు స్టీరింగు తప్ప వేరే పని రాదు. ఆశ్రమం డీజిలు అమ్ముకున్నాడన్న పేరు పడ్డాక ఆ చుట్టుపక్కల ఏ బడి బస్సు వాళ్లూ, ఏ ట్రావెల్సు వాళ్లూ అతని చేతికి తాళం ఇవ్వరు. అయ్యవారు ఆ పంక్తిలోనే కూర్చున్నారు. మజ్జిగ కూడా పోయించుకోకుండా లేచారు.

మర్నాడు పొద్దున పాఠం అయ్యాక నరసారెడ్డిగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "అయ్యవారూ, ఒక సందేహం. ఆరేళ్లుగా సాధన చేస్తున్నాను. నాలో కోపం తగ్గింది, ఆశ తగ్గింది, అది నాకే తెలుస్తోంది. కానీ నేను ఎదిగేకొద్దీ నా చుట్టూ ఉన్నవాళ్లు దిగజారిపోతున్నారు. వంటవాళ్లకు శుచి లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు శ్రద్ధ లేదు. పెంచలయ్య సంగతి నిన్న చూశారు. మునుపు వీళ్లంతా బాగానే ఉండేవాళ్లు. నేను కొలిచే కొలతా మారలేదు. మరి మనుషులు ఎందుకిలా తగ్గిపోతున్నారు?"

మంచి ప్రశ్నే. ఏ ఉపనిషత్తులోంచి జవాబు తీస్తారోనని మేమంతా చెవులు రిక్కించాం. అయ్యవారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "చెప్పు తెగింది నాయనా, పట్నంలో కుట్టించుకోవాలి. పద, బండి నువ్వే నడుపు" అన్నారు. నేను కూడా సంచులు పట్టుకుని ఎక్కాను.

కొండ దిగి పెద్ద రోడ్డు ఎక్కేచోట 'పట్నం 25' అని రాసిన రాయి ఉంది. "ఇక్కడ ఆపు" అన్నారు అయ్యవారు. "ఈ మీటరులో ఒక అంకెను మళ్లీ సున్నా చేయొచ్చటగా, చెయ్యి." రెడ్డిగారు బొత్తాం నొక్కి సున్నా చేశారు. బయల్దేరాం. అరవై దాటకూడదని ఆశ్రమ నియమం, పెట్టింది రెడ్డిగారే. ముల్లు అరవై మీదే నిలిచి ఉంది. పక్కన తుమ్మచెట్లు మాత్రం కాస్త తొందరగానే వెనక్కి పోతున్నట్టు నాకనిపించింది. సంచుల మధ్య కూర్చున్నవాడి మాట ఎవరు వింటారని ఊరుకున్నాను. అయ్యవారు ఒక్క రాయీ వదలకుండా చదువుకుంటూ వచ్చారు. పట్నంలో పోస్టాఫీసు ముందు సున్నా రాయి దగ్గర బండి ఆగింది.

"మీటరు ఎంతంటోంది?" అన్నారు అయ్యవారు.

"ఇరవై మూడు" అన్నారు రెడ్డిగారు. అని, మళ్లీ వంగి చూశారు.

"రాళ్లు ఇరవై అయిదన్నాయే."

అయ్యవారు గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించారు. "రెండు కిలోమీటర్లు పోయాయన్నమాట. పెంచలయ్యే తీసుంటాడు" అన్నారు.

నాకు నవ్వాగలేదు. కండువా నోట్లో కుక్కుకున్నాను. రెడ్డిగారు నవ్వలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. తర్వాత దిగి ముందు టైరు పక్కన గొంతుక్కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించారు. జీవితమంతా కొలతలు చూసిన మనిషి, ఇక ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. తనలో తాను అనుకుంటున్నట్టే పైకి అన్నారు. "మీటరు రోడ్డును చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, అంతే. చుట్టుకు ఇంత దూరమని పాత చక్రాన్ని బట్టి పెట్టిన లెక్క అది. ఇప్పుడు చక్రం పెద్దది. చుట్టుకు ఎక్కువ దూరం పోతున్నాం, మీటరు పాత దూరమే చూపిస్తోంది. బండి తాగే డీజిలు నిజంగా నడిచిన దూరానికి. నేను భాగించింది మీటరు చెప్పిన దూరాన్ని." టైరు మీంచి చెయ్యి తీశారు. "పెంచలయ్య చుక్క ముట్టలేదు."

"చక్రం ఎవరు పెంచారు?" అన్నారు అయ్యవారు లోపలినుంచి.

"నేనే."

"ఊఁ. పొద్దున నువ్వేదో అడిగావు, నాకు సరిగ్గా గుర్తులేదు. మళ్లీ చెప్పు."

రెడ్డిగారి ముఖం నల్లబడింది. "ఏం లేదు అయ్యవారూ" అని వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. చెప్పు కుట్టించే సంగతి ఎవరూ ఎత్తలేదు. దిగేటప్పుడు చూశాను, అయ్యవారి చెప్పులు రెండూ బాగానే ఉన్నాయి.

పెంచలయ్య ఊరు తిరిగి వచ్చే దారిలోనే ఉంది. ఇంటి ముందు బండి ఆగగానే అతని భార్య రమణమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. "ఇప్పుడింకేం పోయిందంట? ఇల్లు వెతకాలంటే వెతుక్కోండి" అంది. ఆ మాటకు రెడ్డిగారికి తల కొట్టేసినట్టయింది. చెప్పులు విడిచి ఎండలోనే నిలబడ్డారు. "ఏమీ పోలేదమ్మా. తప్పు నాది. టైర్లు నేను మార్పించి, దొంగతనం మీ ఆయన మీద పెట్టాను" అని సంగతంతా చెప్పారు. లోపలినుంచి వచ్చిన పెంచలయ్య విన్నాడు. విని అరుగు మీద కూలబడ్డాడు.

"నాకే అనుమానమొచ్చింది రెడ్డిగారూ" అన్నాడు. "యాడన్నా కారతా ఉందేమోనని దినామూ బండి కింద దూరి పైపులు తడుముకునేవాణ్ణి. తడే లేదు. నాకు తెలీకుండా నేనే ఏమన్నా చేస్తున్నానా అని కూడా అనుకున్నా." అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. రెడ్డిగారు తాళం తీసి అతని చేతిలో పెట్టారు. రేపు భోజనాల దగ్గర, అదే పంక్తిలో, అందరూ వినేలా చెబుతానన్నారు.

"అక్కడ చెప్తే ఇక్కడ ఎవరికి ఇనపడద్ది? ఈ ఊళ్లో వాళ్లకు ఎవరు చెప్తారు?" అంది రమణమ్మ. న్యాయమే కదా. రెడ్డిగారు మారు మాట్లాడకుండా వీధి చివర టీ కొట్టు దాకా నడిచి, అక్కడ బల్లల మీద కూర్చున్నవాళ్లందరి ముందూ నిలబడి, పెంచలయ్య దొంగ కాదు, పొరపాటు నాదేనని గట్టిగా చెప్పి వచ్చారు. అప్పుడు రమణమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగారు. ఆ నిమిషంలో ఆయన మీద నాకు నిజంగా గౌరవం కలిగింది.

తిరుగు ప్రయాణంలో పెంచలయ్యే బండి నడిపాడు. అయ్యవారు ముందు సీట్లో మళ్లీ రాళ్లు మొదలుపెట్టారు. రెడ్డిగారు వెనక నా పక్కన, సంచుల మధ్యే కూర్చున్నారు. ఆయన ముఖంలో మెల్లగా కళ తిరిగి వచ్చింది. కొండ దగ్గర పడుతుండగా గొంతు సవరించుకున్నారు.

"అయ్యవారూ, ఆరేళ్ల కిందటి నరసారెడ్డి అయితే ఈ పని చేసేవాడు కాదు. ఒక డ్రైవరు గుమ్మం ముందు, ఎర్రటి ఎండలో, ఊరందరి ఎదుటా తప్పు ఒప్పుకోవడమంటే మాటలా? మన ఆశ్రమంలో ఇంకొకరిని చూపించండి, ఇంతగా తగ్గగలిగినవాణ్ణి."

పెంచలయ్య అద్దంలోంచి నా వంక చూశాడు. నేను కిటికీ వంక చూశాను. అయ్యవారు చదవబోతున్న రాయిని చదవకుండా వదిలేశారు.

"పెంచలయ్యా" అన్నారు, "ఓ పక్కగా బండి ఆపి కాస్త దిగి చూడు నాయనా. టైర్లు మళ్లీ పెరిగినట్టున్నాయి."