మద్దిలేటి తాత బెంచీ ఎక్కిన కథ

పంతొమ్మిది వందల ఎనభై ఏడు. చలికాలం, పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చే రోజులు. అనగనగా అని మొదలుపెడతానే గానీ బంగారూ, ఇది రాజుల కాలం కథ కాదు. ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకునే విను. పదకొండో పేజీలో సిరాతో కొట్టేసింది ఎవరని అడిగావు కదా. రాసినాయనే కొట్టేశాడు.

అనగనగా నంద్యాల ఊళ్ళో మద్దిలేటి అని ఒక మొండి తాత ఉండేవాడు. పత్తి మిల్లులో పని. ముప్పై ఏళ్ళు దాటేదాకా ఆయనకి అక్షరం ముక్క రాదు. ఆ తర్వాత రాత్రి బడిలో చేరి నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక చేతికి దొరికిందల్లా చదివాడు.

అప్పుడు ఆయనకి ఒకటి తోచింది. వానపాముకి కళ్ళుంటాయా, చీమకి దారెట్లా తెలుస్తుంది అని పిల్లలు అడుగుతారు. పెద్ద పుస్తకాల్లో జవాబులున్నాయి గానీ, పిల్లల మాటల్లో లేవు. సరే, నేనే రాస్తా అనుకున్నాడు.

మొదట వానపాము పుస్తకం రాశాడు. వానాకాలమంతా గాజు సీసాలో మట్టి పోసి, అందులో వానపాముల్ని పెట్టి, వాటి ముందే కూర్చుని రాశాడు. ఆ తర్వాత చీమల పుస్తకం. బెల్లం ముక్క పెట్టి, వాటి వెనకాలే మోకాళ్ళ మీద పాకి రాశాడు. రాసింది మిల్లు కార్మికుల పిల్లలకి చదివి వినిపించేవాడు. ఎవరైనా “అంటే ఏంది తాతా?” అన్నారో, ఆ కాగితం చించి మళ్ళీ రాసేవాడు. తాత చూడనిది రాయడని పిల్లలకి నమ్మకం.

మూడోది పొద్దుతిరుగుడు పువ్వు పుస్తకం. ఈ ఒక్కదానికి మాత్రం ఆయన చేలోకి వెళ్ళలేదు. పేరులోనే ఉంది కదా, ఇంక చూసేదేముందిలే అనుకున్నాడు. “ఈ పువ్వు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సూర్యుడి వెంటే తిరుగుతుంది” అని రాసేశాడు. పుస్తకం అచ్చయి మూడు వందల బడులకి వెళ్ళింది.

కోవెలకుంట్ల దగ్గర ఒక పల్లె బడికీ వెళ్ళింది. ఆ బడిలో సుంకులమ్మ అని ఒక పిల్ల ఐదో తరగతి చదివేది. వాళ్ళ నాన్న నల్లరేగడిలో వేసింది పొద్దుతిరుగుడే. పరీక్షలో ఆ పువ్వు సంగతి అడిగితే, సుంకులమ్మ “తిరగదు, తూర్పుకే చూస్తుంది” అని రాసింది. ఆ బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ పుస్తకం తెరిచి చూసింది. చూసి, తప్పు కొట్టేసింది.

“నేను చూసినాను టీచర్” అంది సుంకులమ్మ.

ఎదురు చెప్పిందని టీచరమ్మ ఆ పిల్లని బెంచీ ఎక్కించి నిలబెట్టింది. అందరూ నవ్వారు.

అప్పుడు సుంకులమ్మ పుస్తకం వెనకున్న అడ్రసుకి కార్డు రాసింది. “తాతా, మా చేన్లో పువ్వు తిరగదు.” తాత తిరుగు టపాలో జవాబు రాశాడు. “సరిగ్గా చూడు పాపా.” రెండో కార్డు వచ్చింది. “సరిగ్గానే చూసినాను.” తాతకి కోపం వచ్చింది. “నేను ఊరికే రాసేవాణ్ణి కాదు” అని రాశాడు. మూడో కార్డు వచ్చింది. అందులో ఒక్కటే ముక్క. “మరి నువ్వు చూసినావా?”

తాత ఆ కార్డు జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కోవెలకుంట్ల బస్సెక్కాడు.

సుంకులమ్మ ఆయన్ని చేలోకి తీసుకెళ్ళింది. తాత బాగా విచ్చుకున్న ఒక పువ్వు కాడకి ఎర్ర దారం కట్టి గట్టు మీద కూర్చున్నాడు. పొద్దున పువ్వు తూర్పుకి చూసింది. మధ్యాహ్నం తూర్పుకే చూసింది. సాయంత్రం సూర్యుడు పడమటికి వెళ్ళిపోయాడు, పువ్వు మాత్రం తూర్పుకే చూస్తోంది.

“ఈ రోజు మబ్బు పట్టింది లే” అన్నాడు తాత.

“ఏడ పట్టింది తాతా? నీ నెత్తి మాడిపోయింది చూసుకో” అంది సుంకులమ్మ.

రెండో రోజు కూడా అంతే. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తింటూ తాత రెప్ప వేయకుండా చూశాడు. పువ్వు కదల్లేదు.

మూడో రోజు చేను చివరికి నడిచాడు. అక్కడ విత్తనాలు పిచ్చుకలు తినేస్తే, మళ్ళీ విత్తారట. ఆ మొక్కలకి ఇంకా మొగ్గలే. తాత ఒక మొగ్గకి దారం కట్టాడు. పొద్దున అది తూర్పుకి చూసింది, సాయంత్రానికి పడమటికి తిరిగింది. ఆ మూలకి సుంకులమ్మ కూడా ఎప్పుడూ వెళ్ళలేదు.

“మొగ్గగా ఉన్నప్పుడు పొద్దు వెంట తిరుగుతాది. విచ్చుకున్నాక తూర్పుకి చూస్తా నిలబడిపోతాది” అంది మెల్లిగా.

“నీదీ సగమే, నాదీ సగమే” అన్నాడు తాత. “అయితే నువ్వు చూసి రాసినావు. నేను చూడకుండా రాసినా.”

తనని బెంచీ ఎక్కించిన సంగతి అప్పుడు చెప్పింది సుంకులమ్మ. మర్నాడు తాత తిన్నగా బడికి వచ్చాడు. టీచరమ్మకి దణ్ణం పెట్టి, ఈ పాపని ఏ బెంచీ మీద నిలబెట్టావు తల్లీ అని అడిగాడు. చూపించగానే పంచె ఎగ్గట్టి ఆ బెంచీ ఎక్కాడు. అరవై ఏళ్ళ మనిషి.

“అయ్యో, దిగండి పెద్దాయనా” అంది టీచరమ్మ.

“తప్పు రాసింది నేను గదమ్మా. గంట కొట్టేదాకా దిగను.”

దిగలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సుంకులమ్మ మాత్రం, పడిపోతాడేమోనని బెంచీ కోడు పట్టుకుని కూర్చుంది.

ఆ టీచరమ్మ ఎవరో తెలుసా? నేనే, బంగారూ. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఆ రోజు ఆ పిల్లని దగ్గరికి పిలిచి, తప్పు కొట్టిన చోట ఒప్పు పెట్టాను.

గంట కొట్టాక తాత దిగి, నా చేతిలోని పుస్తకం తీసుకుని పదకొండో పేజీలో ఆ గీత కొట్టాడు. కింద సరైన మాట రాశాడు. దాని కింద ఏముందో చదువు. “చూసింది: సుంకులమ్మ, ఐదో తరగతి.” కొన్నేళ్ళకి బడిలో పాత పుస్తకాలు తీసేస్తుంటే, ఇది నేను అడిగి తెచ్చుకున్నాను.

అచ్చాఫీసు ఆయన, మళ్ళీ అచ్చువేసేటప్పుడు సరిచేద్దాంలే అన్నాడు. “ఈలోగా చదివే పిల్లల సంగతేంది?” అని తాత సంచీలో సిరాబుడ్డి పెట్టుకుని బయల్దేరాడు. బస్సు ఉంటే బస్సు, లేకపోతే నడక. ప్రతి బడిలోనూ ఇదే పేజీ, ఇదే గీత, ఇదే పాప పేరు. మూడు వందల బడులూ తిరిగేసరికి ఆరేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఆయన రాయాలనుకున్నది చందమామ పుస్తకం. మిల్లు పిల్లలు అడిగీ అడిగీ పెద్దవాళ్ళయిపోయారు. ఆరేళ్ళ తర్వాత ఆయన దాని ముందు కూర్చునేసరికి చూపు మసకబారింది, ఎంత చూసినా చందమామ మీది మచ్చ కనపడలేదు. కనపడనిది ఆయన రాయలేదు. ఆ పుస్తకం నాలుగో పేజీ దగ్గర ఆగిపోయింది.

పువ్వేమో తూర్పుకి,
పొద్దేమో పడమటికి,
కథేమో కంచికి,
మన కళ్ళేమో నిద్రకి.