బెల్లం వేసిన రొట్టె

కోనసీమలో ఒక లంక ఊళ్లో సలోమమ్మ అనే సంఘపెద్ద ఉండేది; ఆమె ప్రార్థన ఎంత మెత్తనో, మాట అంత కరుకు.

ఆ ఊరి చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల జరిగేది; యేసును తలచుకుని రొట్టె విరిచి అందరూ పంచుకునేవారు. దానికి రొట్టె చేసే పని ఇరవై ఏళ్లుగా సలోమమ్మదే. ఉప్పు ఉండదు, నూనె ఉండదు. వట్టి గోధుమపిండి, నీళ్లు. ఆ నెల ఆమె చేతి మీద వేడి గంజి పడింది. అందుకని కొత్తగా బాప్తిస్మం తీసుకున్న నూకరత్నాన్ని పిలిచి, "ఈసారి రొట్టె నువ్వు చేసి పట్రా" అంది. ఎలా చెయ్యాలో చెప్పలేదు.

నూకరత్నం భర్త పోయాడు. అత్తింటివాళ్లు పొమ్మన్నారు. సంఘమే తన ఇల్లనుకుంది. ఆ ఆదివారం ఆమెకు మొదటి బల్ల.

పొద్దున్నే గిన్నె మీద తెల్లగుడ్డ కప్పి తెచ్చింది. సలోమమ్మ గుడ్డ తీసింది. నెయ్యి, యాలకుల వాసన గుప్పుమంది.

"ఏంటే ఇది?"

"రొట్టేనండి. బెల్లం వేశానండి. ప్రభువుకి కదా, చప్పగా ఎలా పెడతామని..."

"ప్రభువు నిన్ను బొబ్బట్లు అడిగాడా? నిన్నగాక మొన్న నీళ్లలో మునిగొచ్చి, అప్పుడే వంటలు మొదలెట్టావా? నీలాంటివాళ్లకి బల్ల ఒకటి తక్కువైంది!"

చాపలు పరుస్తున్న ఆడవాళ్లు నవ్వారు. నూకరత్నం వెళ్లి ఆఖరి చాప మీద, గుమ్మం పక్కన కూర్చుంది.

పాస్టరమ్మగారు పొయ్యి వెలిగించి, పావుగంటలో వేరే రొట్టె చేసి తెచ్చారు. ఆ ఇబ్బంది అంతటితో తీరిపోయింది.

ఆరాధన చివర పాస్టరు అయ్యగారు, "ఎవరినైనా నొప్పించి ఉంటే, ముందు వెళ్లి సమాధానపడి రండి" అన్నారు. ప్రతి నెలా చెప్పే మాటే. సలోమమ్మ ఏనాడూ లేవలేదు.

ఆ రోజు మాత్రం తల తిప్పి చూసింది. ఆఖరి చాప ఖాళీగా ఉంది. బయట నూకరత్నం చెప్పులు వెతుక్కుంటోంది.

సలోమమ్మకు పొద్దున తను అన్న మాట గుర్తొచ్చింది. ఈ పిల్ల ఇవాళ వెళ్లిందంటే మళ్లీ రాదు. గబగబా లేచింది.

"ఎక్కడికండీ? రొట్టె విరుస్తున్నారు!" పక్కావిడ చీర చెంగు పట్టుకుంది. సలోమమ్మ విడిపించుకుని బయటికి వెళ్లింది.

"ఎక్కడికమ్మా?"

"ఇంటికండి. నాలాంటివాళ్లకి..." నూకరత్నం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తప్పు నాదమ్మా. ఎలా చెయ్యాలో చెప్పకుండా పని చెప్పాను. పైగా నలుగురిలో తిట్టాను. క్షమించు."

"ఇక్కడ కూడా నాకెవరూ లేరనుకున్నానండి."

"నేను లేనూ? కాస్త నోటి దురుసుదాన్ని, అంతే."

నూకరత్నం ఏడుస్తూనే నవ్వింది.

ఇద్దరూ లోపలికి వచ్చారు. అయ్యగారు రొట్టె పట్టుకుని ఆగి ఉన్నారు. సలోమమ్మ అందరి వైపు తిరిగి, "పొద్దున మీరంతా వింటుండగా ఈ పిల్లని అన్నాను. మీరంతా వింటుండగానే క్షమాపణ అడుగుతున్నాను" అంది. పొద్దున నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. తర్వాత జరిగి, ముందు వరసలో చోటిచ్చారు. నూకరత్నం చెయ్యి చాచి తన మొదటి రొట్టెముక్క అందుకుంది.

సలోమమ్మ నోరు ఒక్కరోజులో మారలేదు. కానీ ఆ తర్వాత ఎవరినైనా ఏదైనా అనబోయి, మధ్యలో ఆగడం నేర్చుకుంది.

పిల్లలూ, దేవుణ్ణి స్తుతించే నోరు తోటిమనిషిని కించపరచకూడదు. నొప్పించామని తెలిసిన క్షణమే కనికరంతో పలకరిస్తే, దూరమైపోతున్నవాళ్లు కూడా మనకు దక్కుతారు.