రాజుగారు గోడలు చూసిన వైనం

మందారగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మహీధరవర్మ మంచివాడే. ప్రజలను పీడించేవాడు కాదు, శత్రువుకు వెన్ను చూపేవాడు కాదు. ఒక్కటే బలహీనత. ఎవరి పనితనమైనా తన కంటికి ఇట్టే తెలిసిపోతుందని ఆయన నమ్మకం. కంసాలి నగ తెస్తే ఒక కన్ను మూసి చూసేవాడు. సాలెవాడు చీర తెస్తే వెలుగుకు పట్టి చూసేవాడు. చూసి, "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కు అర్థమేమిటో ఆయనకైనా తెలుసా అని ఆస్థాన చమత్కారి కొమ్మనకు ఎప్పటినుంచో అనుమానం.

ఒక యేడు వానలకు రాజమాత అక్కమాంబ ఉండే పాత మహలు కారడం మొదలుపెట్టింది. గోడల పూత పెచ్చులూడింది, నేల గచ్చు గుంటలు పడింది. మహలంతా బాగుచేయించాలని రాజు నిశ్చయించాడు. ఆ పనికి ఇద్దరు ముందుకొచ్చారు.

ఒకడు నరహరి భట్టు. పట్టుపంచె, చెవులకు పోగులు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక శ్లోకం. శిల్పశాస్త్రమంతా కంఠస్థమని చెప్పుకునేవాడు. రెండోవాడు తాపీమేస్త్రి పోలయ్య. అరవై దాటినవాడు. సున్నంలో నాని నాని వేళ్ళు బీటలు వారి ఉండేవి. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు.

"వసారాకు అటొకటి, ఇటొకటి ఒకే కొలతల గదులున్నాయి. చెరొకటీ బాగుచేయండి. ఎవరి పని నా కంటికి ఆనితే వారికే మహలంతా అప్పగిస్తాను," అన్నాడు రాజు.

రెండు నెలలు గడిచాక రాజు పరివారంతో గదులు చూడ్డానికి వచ్చాడు. ముందు నరహరి గదిలోకి వెళ్ళాడు. గోడల నిండా నెమళ్ళు, లతలు, వాటి చుట్టూ బంగారు పూత. కళ్ళు జిగేల్మన్నాయి.

"ప్రభూ, ఈ నెమలి తమ కీర్తిలాగే పురివిప్పింది," అంటూ నరహరి ఒక శ్లోకం అందుకున్నాడు.

రాజు ఒక కన్ను మూసి, తల పక్కకు వంచి, "ఊఁ!" అన్నాడు. ఈసారి "ఊఁ" చాలా పొడుగ్గా ఉంది.

తర్వాత పోలయ్య గదికి వచ్చాడు. గుమ్మంలోనే పోలయ్య చేతులు కట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"పాదరక్షలు విడిచి రండి ప్రభూ. కొత్త గచ్చు, గీరుకుపోతుంది."

రాజు మీసాలు కదిలాయి. అయినా విడిచి లోపలికి వెళ్ళాడు. నాలుగు వైపులా తెల్లటి గోడలు. బొమ్మ లేదు, రంగు లేదు.

"ఇందులో విశేషమేమిటి?" అన్నాడు రాజు.

"గోడండీ ప్రభూ."

"గోడని నాకూ తెలుసు! అందులో ఏముందని అడుగుతున్నాను."

పోలయ్య కాస్త ఆలోచించాడు. "చెప్పడానికేముంది ప్రభూ. ఉంటే తెలుస్తుంది."

పరివారంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం ఎర్రబడింది.

"రేపు మధ్యాహ్నానికల్లా ఈ గోడలు పడగొట్టండి. నరహరి భట్టు చేత మళ్ళీ కట్టించండి. ఈ ముసలివాడి తాపీ లాక్కోండి. నా రాజ్యంలో ఇతడింక ఎక్కడా గోడ ముట్టడానికి వీల్లేదు!"

పోలయ్య తాపీని పైపంచెతో తుడిచి భటుడి చేతికిచ్చాడు. "జాగ్రత్త బాబూ, అంచు కోసుకుంటుంది," అన్నాడు.

ఆ మాట విని కొమ్మన ముందుకు రాబోయాడు. కానీ రాజు మీసాలు ఆ తీరుగా కదులుతున్నప్పుడు ఎవరు ఏం చెప్పినా ఎక్కదు. అందరూ వెళ్ళిపోయినా అతను వసారాలోనే నిలబడిపోయాడు.

అంతలో రాజమాత వచ్చింది. ఆమెకు చూపు ఆనదు. గోడ పట్టుకుని మెల్లిగా నడుస్తుంది. నరహరి గదిలోకి వెళ్ళి, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చేసింది. పోలయ్య గదిలోకి వెళ్ళి గది చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, అక్కడే నేల మీద చతికిలబడింది.

"అక్కడ కూర్చున్నారేం తల్లీ?" అన్నాడు కొమ్మన.

"ఇక్కడ హాయిగా ఉంది నాయనా. ఆ గదిలో గోడ మీద చెయ్యి వేస్తే అడుగడుక్కీ ఎక్కడో దిగబడుతోంది. నేల ఎగుడుదిగుడుగా కాలికి తగులుతోంది. నాకేమో అందులో పడి నడుం విరగ్గొట్టుకుంటానని భయం. మావాడు ఆ గదే బాగుందన్నాడుటగా?"

"అన్నారు తల్లీ."

"వాడికి కళ్ళున్నాయి కదా, మరి కనబడలేదూ?" అంది రాజమాత ఆశ్చర్యంగా.

కొమ్మన ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. తర్వాత వంగి ఆమె పాదాలకు దండం పెట్టి, తేలిక పడిన మనసుతో ఇంటికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున సభ తీరింది. ఆస్థాన పండితులు రాజుగారి చూపును పొగుడుతున్నారు. కొమ్మన మాత్రం పెదవి విరిచాడు.

"ఏం కొమ్మనా, నీకు నచ్చలేదా?" అన్నాడు రాజు.

"నచ్చలేదు ప్రభూ. తమ కంటిని పొగడడం తమను తక్కువ చేయడమే. కళ్ళున్న ఎవరైనా చూస్తారు. తమ చెయ్యి అంతకన్నా గొప్పది. తమ చెవి, తమ పాదం ఇంకా గొప్పవి. కళ్ళకు గంతలు కట్టినా సరే, ఆ రెండు గదుల్లో మంచి పనేదో తమరు చెప్పగలరని నేను పందెం కాస్తాను."

రాజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "చెప్పగలను! చెప్పలేకపోతే?"

"ఏడాదిపాటు నరహరి భట్టుగారికి సున్నం కలుపుతాను."

నరహరి కంగారుగా లేచాడు. "ప్రభువుల కళ్ళకు గంతలా! ఎంత అపచారం!"

"భట్టుగారికి ప్రభువుల చేతి మీద నమ్మకం లేదు కాబోలు," అన్నాడు కొమ్మన. నరహరి గతుక్కుమని కూర్చున్నాడు.

సభ యావత్తూ మహలుకు తరలింది. కొమ్మన పోలయ్యనూ అక్కడికి పిలిపించాడు. రంగుల వాసన పసిగట్టకుండా కొమ్మన రెండు గదుల్లోనూ సాంబ్రాణి వేయించాడు. రాజుకు గంతలు కట్టి, దిక్కు తెలియకుండా మూడుసార్లు గుండ్రంగా తిప్పాడు. ఎవరూ నోరు విప్పకూడదన్నది షరతు. పాదరక్షలు విడిచి రాజు మొదటి గదిలోకి అడుగుపెట్టాడు.

అడుగు పెట్టగానే బొటనవేలు దేనికో కొట్టుకుంది. "అబ్బా! ఇదేం గచ్చు? ఒక చోట పైకి, ఒక చోట కిందికి!" గోడ మీద చెయ్యి వేశాడు. "ఇది గోడా, దుక్కి దున్నిన చేనా?" వేళ్ళతో తట్టాడు. గోడ డబడబమంది. "లోపల అంతా డొల్ల! పూత గోడను పట్టుకోనే లేదు!"

కొమ్మన చెంబెడు నీళ్ళు నేల మీద వంచాడు. తూము వైపు పోవలసిన నీళ్ళు తిన్నగా వచ్చి రాజు పాదాల చుట్టూ మడుగు కట్టాయి.

"చాలు, చాలు! అక్షరాలా ఆ ముసలివాడి పనే. రెండో గదికి పద."

రెండో గదిలో రాజు పాదం ఎక్కడా తడబడలేదు. చెయ్యి గోడ మీద ఆ మూలనుంచి ఈ మూలదాకా ఎక్కడా ఆగకుండా జారిపోయింది. తట్టి చూస్తే రాతిని తట్టినట్టుంది. వంచిన నీళ్ళు చప్పుడు లేకుండా తూములోకి వెళ్ళిపోయాయి. రాజు ఏమనుకున్నాడో ఏమో, మెల్లిగా చెంపను గోడకు ఆనించాడు. చల్లగా ఉంది. చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు అమ్మ గదిలో ఇలాగే గోడకు అతుక్కుని నిద్రపోయేవాడు. అది గుర్తొచ్చి ఆయన గొంతు మెత్తబడింది.

"పనంటే ఇది. నరహరి భట్టుకు నా కంఠహారం ఇచ్చినా తక్కువే," అంటూ గంతలు విప్పుకున్నాడు.

ఎదురుగా తెల్లటి గోడ. బొమ్మ లేదు, రంగు లేదు.

రాజు వెనక్కి తిరిగాడు. మీసాలు కదులుతున్నాయి.

"కొమ్మనా! అంటే నిన్న నా కళ్ళు గుడ్డివనా నీ ఉద్దేశం?"

"అమ్మమ్మా, ఎంత మాట! మంచి పనేదో తమ చెయ్యి చెప్పింది, పందెం నేను గెలిచాను. తమ కళ్ళలో ఏ దోషమూ లేదు ప్రభూ. నిన్న తమరు గోడను చూడబోతే నెమలి అడ్డొచ్చింది. నెమలిని తప్పించుకుంటే శ్లోకం అడ్డొచ్చింది. దాన్నీ దాటితే పట్టుపంచె అడ్డొచ్చింది. ఇవాళ తమకూ గోడకూ మధ్య ఎవరూ లేరు. అంతే తేడా."

రాజు కొమ్మన వంక చూశాడు, గోడ వంక చూశాడు, తడిసిన తన పాదాల వంక చూసుకున్నాడు. ముందు మీసాల కింద సన్నగా మొదలై, ఆ తర్వాత పొట్ట పట్టుకునేంతగా నవ్వు వచ్చేసింది. "గునపం తెండి!" అని కేకేసి, నరహరి గదిలోకి వెళ్ళి, తానే నెమలి మీద ఒక్క పోటు పొడిచాడు. పూత పలకలా ఊడి వచ్చి ఆయన నెత్తిన పడింది.

తెల్లటి దుమ్ములో నిలబడి రాజు, "ఈ భట్టును రాజ్యం దాటించండి," అన్నాడు.

అప్పుడు పోలయ్య గొంతు సవరించుకున్నాడు. "అంత వద్దు ప్రభూ. ఆయన వేసిన నెమలి చూశాను, మంచి చెయ్యి. గోడ నేను పెడతాను. బొమ్మ ఆయన్ని వేసుకోనివ్వండి."

నరహరి తల వంచుకుని ఆ ముసలివాడికి నమస్కారం చేశాడు. ఈసారి శ్లోకం చదవలేదు.

రాజు తన చేత్తోనే పోలయ్యకు తాపీ తిరిగి ఇచ్చాడు. మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు. "మహలు పనంతా నీదే పోలయ్యా. అమ్మ ఎప్పుడు వచ్చి ఉండవచ్చు?"

"పని మూడు నెలలు ప్రభూ. ఆ పైన గచ్చు ఆరడానికి ఇంకో నెల."

"ఆ నెల తగ్గించు. పది రోజుల్లో ఆరిపోవాలి. ఇది రాజాజ్ఞ!"

పోలయ్య దిక్కుతోచక కొమ్మన వంక చూశాడు.

కొమ్మన చేతులు జోడించాడు. "చిత్తం ప్రభూ. కాని సున్నం మొన్ననే బట్టీ దిగి వచ్చింది. తమరు రాజుగారని దానికింకా ఎవరూ చెప్పినట్టు లేరు."

మీసాల మీది దుమ్మంతా రాలిపోయేలా రాజు మళ్ళీ నవ్వాడు. భుజాన ఉన్న జరీ శాలువా తీసి కొమ్మనకు కప్పి, "సరే, నెల రోజులూ ఆగుతాను," అన్నాడు.