జేడ్ పాత్ర కాళ్ళు

పాత్ర కాలు విరిగిన మర్నాడు పొద్దున్నే లియాంగ్ మూట సర్దుకుని గురువు ముందు నిలబడ్డాడు.

సుఝౌ ఊళ్ళో జేడ్ చెక్కే షెన్ గురువు దగ్గర అతను శిష్యుడు. జేడ్ అంటే ఆకుపచ్చటి రాయి, మహా మొండిది. ఉలికి లొంగదు. కాలితో తొక్కే చక్రం మీద, తడి ఇసుక వేస్తూ ఓపిగ్గా అరగదియ్యాల్సిందే. షెన్ గురువు తన గురువు ఇచ్చిన ఒక రాయిని ఏళ్ళ తరబడి దాచుకుని, చివరికి లియాంగ్ చేతిలో పెట్టారు. పూర్వకాలపు మూడుకాళ్ళ కంచు పాత్రను చూపించి, "ఇలాంటిది చెయ్యి" అన్నారు.

ఇలాంటిదంటే మనవాడికి చాల్లేదు. అచ్చం అదే కావాలన్నాడు. కంచుకున్నంత సన్నటి కాళ్ళే రాతికీ పెడతానని పట్టుబట్టాడు. కంచు ఓర్చుకుంటుంది గానీ, రాయి ఓర్చుకుంటుందా? మెరుగు పెడుతుంటే ఒక కాలు పుటుక్కున ఊడి చేతిలోకొచ్చింది. పాపం, రాత్రంతా కుమిలిపోయాడు.

"మీ గురువుగారి రాయి పాడుచేశాను. ఈ పనికి నేను తగను. సెలవిప్పించండి," అని కాళ్ళ మీద పడ్డాడు.

గురువు తిట్టలేదు. పాత్రను అటూ ఇటూ తిప్పి చూశారు.

"కంచు పాత్రకి కాళ్ళెందుకు పెట్టేవాళ్ళు?"

"కింద మంట పెట్టి మాంసం వండేవాళ్ళు కదండీ."

"మరి దీని కింద?"

"అయ్యో, దీని కింద మంటేమిటండీ! రాయి పగిలిపోదూ!"

గురువు చక్రం ముందు కూర్చుని, మిగిలిన కాళ్ళలో ఒకదాన్ని దానికి ఆనించారు. లియాంగ్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి.

"గురువుగారూ! అవి బాగానే ఉన్నాయి కదా!"

"ఇసుక వెయ్యి. నీళ్ళు పొయ్యి."

ఏడుస్తూనే పోశాడు. పొద్దు వాలేదాకా చక్రం తిరిగింది, మర్నాడూ తిరిగింది. ఒక కాలు పోయింది. తర్వాత రెండోదీ పోయింది. అడుగు నున్నగా తేలింది. గురువు పాత్రను బల్ల మీద పెడితే, బొద్దుగా, కుదురుగా కూర్చుంది. ఎంత ముద్దొచ్చిందో!

గురువు చేతులు కడుక్కున్నారు.

"నువ్వు పోగొట్టింది ఒక కాలు. నేను పోగొట్టింది రెండు. మనిద్దర్లో ఎవరు వెళ్ళిపోవాలో నువ్వే చెప్పు, నాయనా."